వినాయకుడి చుట్టూ నల్ల డబ్బా: పారదర్శక బొమ్మలు సరిగా ప్రింట్ కావాలంటే ఏం చేయాలి

మా చిన్నాన్న కూతురి పెళ్లికి శుభలేఖ నేనే తయారుచేస్తానని మాటిచ్చాను. బొమ్మలు, కార్డులు గీసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ డ్రాలో కూర్చున్నాను. పసుపు రంగు నేపథ్యం, పైన వినాయకుడు, అంచున మామిడాకుల తోరణం, మధ్యలో వివరాలు. తెర మీద ముచ్చటగా ఉంది. తీరా జిరాక్స్ షాపులో కలర్ ప్రింట్ తీయిస్తే వినాయకుడు నల్లటి డబ్బాలో కూర్చుని బయటికొచ్చాడు. "శుభలేఖ మీద ఈ నలుపేంట్రా" అని నానమ్మ కార్డు బోర్లించి పెట్టేసింది. ఫైల్లోనే తప్పుందని షాపతను, ప్రింటర్‌లో ఉందని నేను. అరగంట వాదించుకున్నాం. చివరికి తేలిందేమిటంటే తప్పు ఆ రెండింటి మధ్య దారిలో ఉంది.

మీకూ ఇలాంటిది ఎదురైతే ఏ వరసలో చూసుకోవాలో చెబుతాను. నేను వాడింది లిబ్రెఆఫీస్ కాబట్టి మెనూల పేర్లు దానివే ఇస్తున్నాను. కోరల్‌డ్రా, పేజ్‌మేకర్ వాడేవాళ్లకు చివర్లో కొన్ని మాటలున్నాయి.

ముందు అసలు సంగతి. కాగితం మీద పారదర్శకత అనేదే ఉండదు. ఒక చోట సిరా పడుతుంది, లేదా పడదు. పీఎన్‌జీ బొమ్మలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలతో పాటు ఆల్ఫా అని నాలుగో అంకె ఉంటుంది. అది 0 అయితే ఆ చుక్క కనబడదు, 255 అయితే పూర్తిగా కనబడుతుంది, మధ్య అంకెలైతే వెనకున్న రంగు కొంత తొంగిచూస్తుంది. తెర మీద ఈ లెక్కంతా అప్పటికప్పుడు జరిగిపోతుంది. ప్రింటర్ దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు ఆ లెక్క కట్టి, రెండు రంగుల్నీ కలిపేసి, "ఇదిగో చివరి రంగు" అని అప్పజెప్పాలి. సాఫ్ట్‌వేర్ చేస్తుందని డ్రైవర్ (కంప్యూటర్ మాటను ప్రింటర్‌కు అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్), డ్రైవర్ చేస్తుందని సాఫ్ట్‌వేర్ ఊరుకుంటే మన వినాయకుడికి డబ్బా పడుతుంది.

దీనికి పాత కథ ఒకటుంది. చాలా లేజర్ ప్రింటర్లకు అర్థమయ్యే పోస్ట్‌స్క్రిప్ట్ భాష 1984లో వచ్చింది. అందులో ఒక రంగు మీద ఇంకోటి వేస్తే కిందది పోయినట్టే, పారదర్శకతకు చోటే లేదు. పీడీఎఫ్‌లోకి పారదర్శకత వచ్చింది 2001లో, 1.4 వెర్షన్‌తో. అంటే మనం ఇవాళ తెర మీద చేసే నీడలూ మెరుపులూ అన్నీ, వాటి ఊసే తెలియని ఒక పాత భాషలోకి తర్జుమా కావలసి రావచ్చు.

ఇక పనిలోకి దిగుదాం.

1. ప్రింట్‌లో ఏం పాడైందో గుర్తుపట్టండి

నల్ల డబ్బా వచ్చిందంటే ఆల్ఫా అంకెను దారిలో ఎవరో పారేశారు. కనబడని చుక్కల్లో కూడా ఏదో ఒక రంగు రాసి ఉంటుంది, చాలా బొమ్మల్లో అది నలుపే. ఆల్ఫా పోగానే ఆ నలుపు బయటపడుతుంది. తెల్ల డబ్బా వస్తే లెక్క కట్టారు గానీ మీ పసుపుతో కాకుండా తెలుపుతో కలిపారు. నీడ ఉండాల్సిన చోట జల్లెడలా చుక్కలు కనబడితే పాక్షిక పారదర్శకతను చుక్కలతో నటించారన్నమాట. బొమ్మ బాగానే ఉండి దాని చుట్టూ లేత చతురస్రం లీలగా కనబడితే అది వేరే జబ్బు, దాని గురించి కింద వివరంగా రాశాను. ప్రింటర్ పది నిమిషాలు గింజుకుని ఆగిపోతే పేజీ మొత్తాన్ని ఒకే పెద్ద బొమ్మగా మార్చి పంపారేమో చూడాలి. 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన) ఏ4 పేజీ అంటే 4960 × 7016 చుక్కలు. చుక్కకు మూడు బైట్లు వేసుకుంటే 100 మెగాబైట్లు దాటుతుంది. పాత ప్రింటర్ మెమరీకి అది కొండంత బరువు.

2. బొమ్మలో నిజంగా పారదర్శకత ఉందా?

నవ్వకండి, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. నెట్‌లో దొరికే "పారదర్శక" వినాయకుళ్లలో చాలామంది వెనక బూడిద, తెలుపు గళ్లు బొమ్మలో భాగంగానే గీసి ఉంటాయి. డ్రాలో ఎర్రటి దీర్ఘచతురస్రం ఒకటి గీసి, బొమ్మను దాని మీద పెట్టండి. ఎరుపు కనబడితే పారదర్శకత ఉంది. గళ్లు కనబడితే ఆ ఫైలు పనికిరాదు, ఇంకోటి వెతుక్కోండి.

రెండో అనుమానం వాట్సాప్ మీద. మీ లోగోనో బొమ్మనో ఎవరైనా వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది జేపెగ్ అయిపోతుంది. జేపెగ్‌లో ఆల్ఫాకు చోటు లేదు. దాన్ని మళ్లీ పీఎన్‌జీగా సేవ్ చేసినా పోయింది తిరిగిరాదు. "ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి" అని అడగండి. మా చిన్నాన్నకు ఈ తేడా చెప్పడానికి మూడు ఫోన్ కాల్స్ పట్టాయి.

3. పీడీఎఫ్ చేసి చూడండి

ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్ నొక్కండి. వచ్చే పెట్టెలో బొమ్మలకు లాస్‌లెస్ కంప్రెషన్ ఎంచుకోండి, లేకపోతే జేపెగ్ కుదింపు వల్ల అంచుల దగ్గర మరకలు పడొచ్చు. పీడీఎఫ్/ఏ అనే ఆర్కైవల్ ఎంపికకు టిక్ ఉంటే తీసేయండి. దాని మొదటి రకం, అంటే పీడీఎఫ్/ఏ-1, పారదర్శకతను ఒప్పుకోదు. అది ఎంచుకుంటే పారదర్శకమైన వస్తువును మామూలుదానిలా గీశామని లిబ్రెఆఫీస్ ఒక హెచ్చరిక చూపిస్తుంది. మనం దాన్ని చదవకుండా ఓకే కొట్టేస్తాం. నేనూ అదే చేశాను.

ఇప్పుడు ఆ పీడీఎఫ్‌ను తెరిచి బాగా పెద్దది చేసి చూడండి. అందులోనే డబ్బా ఉంటే తప్పు మీ ఫైల్లోనో లిబ్రెఆఫీస్ సెట్టింగుల్లోనో ఉంది. పీడీఎఫ్ శుభ్రంగా ఉండి కాగితం మీదే డబ్బా వస్తుంటే తప్పు డ్రైవర్‌దో ప్రింటర్‌దో. ఈ ఒక్క పరీక్ష ముందే చేసి ఉంటే షాపతనితో నాకు ఆ అరగంట వాదన తప్పేది.

4. లిబ్రెఆఫీస్ సెట్టింగు

టూల్స్ మెనూలో ఆప్షన్స్, అందులో లిబ్రెఆఫీస్ కింద ప్రింట్ అనే పేజీ ఉంటుంది. అక్కడ రెడ్యూస్ ట్రాన్స్‌పరెన్సీ అని ఒక టిక్ ఉంది. టిక్ పెట్టి ఉంటే కింద రెండు దారులు. నో ట్రాన్స్‌పరెన్సీ అంటే పారదర్శకతను అసలు ప్రింట్ చేయదు. ఆటోమేటిక్ అంటే పారదర్శకమైన భాగం పేజీలో పావు వంతు కంటే తక్కువుంటేనే ప్రింట్ చేస్తుంది, అంతకు మించితే మానేస్తుంది. ఒకే సెట్టింగుతో చిన్న లోగో బాగా వచ్చి, పేజీ నిండా వేసిన వాటర్‌మార్క్ మాత్రం మందంగా పడటానికి ఇదొక కారణం. టిక్ తీసేయండి. పైన ప్రింటర్‌కు ఒకటి, ఫైల్లోకి ప్రింట్ చేయడానికి ఒకటి వేర్వేరుగా సెట్టింగులు ఉంటాయి, రెండు చోట్లా చూసుకోండి. అదే పేజీలో హెచ్చరికల దగ్గర ట్రాన్స్‌పరెన్సీకి టిక్ పెడితే పారదర్శక వస్తువులున్న ప్రతిసారీ ముందే చెబుతుంది. కాస్త విసుగే గానీ పెట్టుకోవడం మంచిది.

5. లెక్క మీరే కట్టేయండి

నా మటుకు నాకు సెట్టింగుల మీద నమ్మకం లేదు. మన ఇంట్లో కుదిరింది షాపులో కుదరదు, ఒక షాపులో కుదిరింది పక్క షాపులో కుదరదు. బొమ్మనూ దాని వెనక రంగునూ మనమే కలిపేసి, పారదర్శకతే లేని ఫైలు ఇచ్చేస్తే గొడవ ఉండదు. దీన్నే ఫ్లాటెన్ చేయడం అంటారు. డ్రాలో ఇలా చేయాలి.

ముందు ఫైల్‌కు కాపీ తీసుకోండి. ఒకసారి కలిపేశాక వినాయకుణ్ని పక్కకు జరపలేరు, పెళ్లింట్లో అలా జరపమని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. నేపథ్యాన్ని పేజీ బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టి ఉంటే దాన్ని తీసేసి, అదే రంగుతో పేజీ అంత దీర్ఘచతురస్రం గీసి అన్నిటికన్నా వెనక్కి పంపండి. ఎందుకంటే ఎంచుకున్నవాటిని మాత్రమే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు పేజీ బ్యాక్‌గ్రౌండ్ వెంట రాదు. ఇప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుని దీర్ఘచతురస్రం, వినాయకుడు, తోరణం ఎంచుకోండి. అక్షరాలను మాత్రం ముట్టుకోవద్దు. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్, రకం పీఎన్‌జీ, సెలెక్షన్ అనే టిక్ పెట్టండి. తర్వాత వచ్చే పెట్టెలో రిజల్యూషన్ 300 ఇవ్వండి, సేవ్ ట్రాన్స్‌పరెన్సీ టిక్ తీసేయండి. 7 × 5 అంగుళాల కార్డైతే బొమ్మ 2100 × 1500 చుక్కలు రావాలి, అంతకు తక్కువుంటే ఎక్కడో తప్పు చేశారు.

కాపీ ఫైల్లో పాత నేపథ్యం, వినాయకుడు, తోరణం తీసేసి ఈ కొత్త బొమ్మను పెట్టండి. ఎఫ్4 నొక్కితే స్థానం, సైజు అంకెల్లో ఇవ్వొచ్చు. వెనక్కి పంపండి. అక్షరాలు పైన ఎప్పటిలాగే అక్షరాలుగా ఉంటాయి. అవి కూడా బొమ్మలో కలిసిపోతే మన లిపికే ఎక్కువ నష్టం. "జ్యేష్ఠ", "స్వస్తిశ్రీ" లాంటి చోట్ల ఒత్తులు ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దవుతాయి. ఇంగ్లిష్ అక్షరాలైతే అంత తెలియదు.

జింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్‌లో చేసేవాళ్లకు ఇంకా సులువు. టూల్‌బాక్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ రంగును మీ పసుపుగా మార్చి, ఇమేజ్ మెనూలో ఫ్లాటెన్ ఇమేజ్ నొక్కండి. పారదర్శకమైన చోటంతా ఆ రంగు నిండిపోతుంది. ఒకే రంగు నేపథ్యానికి ఇది సరిపోతుంది గానీ దీని వెనకే ఇంకో చిక్కు పొంచి ఉంది.

6. లేత చతురస్రం

జింప్‌లో వినాయకుడి వెనక పసుపు నింపాను. డ్రాలో నేపథ్యానికీ అవే అంకెలు ఇచ్చాను: 255, 221, 85. తెర మీద అతుకు కనబడలేదు. ప్రింట్‌లో మాత్రం వినాయకుడి చుట్టూ ఒక చతురస్రం, మిగతా పసుపు కంటే ఒక పిసరు ఎర్రగా! అంకెలు ఒకటే, రంగులు రెండు.

ఎందుకంటే చాలా ప్రింటర్ డ్రైవర్లు ఫొటోలకు ఒకలా, గీసిన ఆకారాలకు ఇంకోలా రంగులు మారుస్తాయి. ఫొటోల్లో ముఖాలు బాగుండాలని కొంచెం మెత్తగా, గ్రాఫ్‌లూ పట్టీలూ కొట్టొచ్చినట్టు కనబడాలని కొంచెం ఘాటుగా. బొమ్మలోని పసుపు ఫొటో కింద లెక్క, దీర్ఘచతురస్రంలోని పసుపు గ్రాఫిక్ కింద లెక్క. ఈ రెంటినీ కలపడానికి అంకెలు అటూ ఇటూ మార్చి చూస్తూ కూర్చోవద్దు. నేను ఆరు ప్రింట్లు తగలేశాను, ఏడోదానికి బుద్ధొచ్చింది. నేపథ్యం మొత్తం బొమ్మలోనే ఉండాలి. పైన అయిదో అంచెలో పేజీ అంత దీర్ఘచతురస్రాన్ని కూడా కలిపి ఎక్స్‌పోర్ట్ చేయమన్నది ఇందుకే. అప్పుడు పసుపంతా ఒకే లెక్కలో పోతుంది, అతుకు మాటే ఉండదు.

7. వాటర్‌మార్క్ అయితే

శుభలేఖ కాదు, స్కూలు లెటర్‌హెడ్ అనుకోండి. పేజీ మధ్యలో చిహ్నం లీలగా కనబడాలి. అందరూ చేసేది బొమ్మకు 80 శాతం పారదర్శకత ఇచ్చేయడం. తెల్ల కాగితం మీద దానికి పారదర్శకత అక్కర్లేదు, లేత రంగు చాలు. లెక్క చాలా చిన్నది. చిహ్నం రంగులో ప్రతి అంకెనూ 0.2తో గుణించి 204 కలపండి. ఆ 204 ఎక్కడిదంటే తెలుపు 255లో 80 శాతం. ముదురు నీలం 0, 0, 160 అయితే 204, 204, 236 వస్తుంది. అదే రంగును మామూలుగా వేసి, అక్షరాల వెనక్కి పంపండి. తెర మీద తేడా కనబడదు, ప్రింటర్‌కు పని తగ్గుతుంది. నలుపు లోగోను 85 శాతం పారదర్శకం చేయాలనుకుంటే మూడు అంకెలూ 217 పెట్టండి.

చిహ్నం ఎస్‌వీజీలో దొరికితే ఇంకా మంచిది. అందులో గీతలూ ఆకారాలే ఉంటాయి. గీయని చోట ఏమీ ఉండదు కాబట్టి దాచాల్సిన నల్ల చుక్కలూ ఉండవు. అయితే ఆ ఎస్‌వీజీలో కూడా ఎవరో నీడలు, అపాసిటీ పెట్టి ఉంటే మళ్లీ కథ మొదటికొస్తుంది.

8. సంతకం, రబ్బరు ముద్ర

ఇక్కడ అంచులే సమస్య. తెల్ల కాగితం మీద స్కాన్ చేసి తెలుపు తీసేసిన సంతకం చుట్టూ సగం సగం పారదర్శకమైన చుక్కలు మిగులుతాయి. ప్రింట్‌లో అవి తెల్లటి లేదా బూడిద రంగు నూగులా పడతాయి. జింప్‌లో లేయర్ మెనూ, ట్రాన్స్‌పరెన్సీ, అందులో థ్రెషోల్డ్ ఆల్ఫా నొక్కితే ప్రతి చుక్కా అయితే ఉంటుంది, లేకపోతే ఉండదు. మధ్యస్థం పోతుంది. అంచులు కాస్త గరుకవుతాయి కాబట్టి సంతకాన్ని 600 డీపీఐలో స్కాన్ చేసి ఉంచుకోండి. 3.5 సెంటీమీటర్ల సంతకానికి సుమారు 827 చుక్కలు వస్తాయి, గరుకు కంటికి ఆనదు. పాత గిఫ్ ఫైళ్లలో ఉండేది కూడా ఈ ఉంటే-ఉంది-లేకపోతే-లేదు పద్ధతే. అందుకే అవి ప్రింటర్ల దగ్గర పెద్దగా పేచీ పెట్టేవి కావు.

9. షాపులో నిలబడి ఉన్నప్పుడు

ఫైలు మార్చే టైమ్ లేదు, వెనక క్యూ ఉంది. పీడీఎఫ్‌ను అడోబ్ రీడర్‌లో తెరవమని అడగండి. ప్రింట్ పెట్టెలో అడ్వాన్స్‌డ్ నొక్కితే ప్రింట్ యాజ్ ఇమేజ్ అని టిక్ ఉంటుంది. అది పెడితే పేజీ మొత్తాన్ని రీడరే ఒక బొమ్మగా చేసి పంపుతుంది, డ్రైవర్‌కు కలపాల్సిన పనేమీ మిగలదు. పక్కన డీపీఐ కనబడితే 300కు తగ్గనివ్వద్దు, చిన్న అక్షరాలుంటే 600 పెట్టించండి. ఒత్తుల సంగతి పైన చెప్పాను కదా. నెమ్మదిగా వస్తుందని షాపతను సణుగుతాడు, పర్లేదు.

అప్పటికీ కుదరకపోతే, ఆ ప్రింటర్‌కు పీసీఎల్ (ఇదీ ఒక ప్రింటర్ భాషే), పోస్ట్‌స్క్రిప్ట్ రెండు డ్రైవర్లూ ఉంటే రెండోదానితో ప్రయత్నించమనండి. విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఎనేబుల్ అడ్వాన్స్‌డ్ ప్రింటింగ్ ఫీచర్స్ అనే టిక్ తీసి చూడటం ఇంకో ఉపాయం. షాపువాళ్ల సిస్టమ్‌లో సెట్టింగులు మార్చాక మళ్లీ యథాతథంగా పెట్టి రండి.

వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు

కోరల్‌డ్రాలో పేచీ ఎక్కువగా డ్రాప్ షాడో దగ్గర. నీడనూ దాని వెనక నేపథ్యాన్నీ కలిపి ఎంచుకుని, బిట్‌మ్యాప్స్ మెనూలో కన్వర్ట్ టు బిట్‌మ్యాప్ నొక్కి 300 డీపీఐ ఇవ్వండి, ట్రాన్స్‌పరెంట్ బ్యాక్‌గ్రౌండ్ టిక్ ఉండకూడదు. ఇంక్‌స్కేప్‌లో ప్రింట్ పెట్టెలోనే రెండరింగ్ అని ఒక ట్యాబ్ ఉంది, వెక్టర్ బదులు బిట్‌మ్యాప్ ఎంచుకుంటే చాలు.

పేజ్‌మేకర్ సంగతి వేరు. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, అయినా అను ఫాంట్ల పుణ్యమా అని మన డీటీపీ సెంటర్లలో ఇంకా బతికే ఉంది. అక్కడ పీఎన్‌జీ పారదర్శకత మీద ఆశ పెట్టుకోకండి. ఫొటోషాప్‌లో బొమ్మ చుట్టూ పెన్ టూల్‌తో పాత్ గీసి, దాన్ని క్లిప్పింగ్ పాత్‌గా పెట్టి, ఈపీఎస్‌గా సేవ్ చేసి తెచ్చుకోండి. అంచు కత్తెరతో కోసినట్టు వస్తుంది, నీడలు మాత్రం రావు.

ఆఫ్‌సెట్ ప్రెస్సుకు ఇస్తుంటే వాళ్లకు ఏ పీడీఎఫ్ కావాలో ముందే కనుక్కోండి. పీడీఎఫ్/ఎక్స్-1ఏ అంటే పారదర్శకత అసలు ఉండకూడదు, అయిదో అంచె తప్పనిసరి. పీడీఎఫ్/ఎక్స్-4 అంటే ఉండొచ్చు. ఒకే రంగులో, బంగారు సిరాతో స్క్రీన్ ప్రింటింగ్ చేయిస్తుంటే మాత్రం ఈ గొడవంతా పక్కన పెట్టేయండి. నేపథ్యం లేకుండా, బూడిద రంగు ఎక్కడా లేకుండా, వినాయకుణ్ని అచ్చమైన నలుపు గీతల బొమ్మగా తెల్ల కాగితం మీద ఇవ్వండి. మేం చివరికి మూడు వందల కార్డులకు అదే చేయించాం. ఫైల్లో నలుపు చూసి నానమ్మ మళ్లీ ముఖం చిట్లించింది గానీ, బంగారు రంగులో అచ్చయి వచ్చాక మొదటి కార్డు ఆవిడే తీసుకెళ్లి దేవుడి దగ్గర పెట్టింది.